మా చెల్లి వెళ్లిన నా దేశం

నేను మొట్టమొదట అసూయపడింది ఒక పుస్తకంలోని పిల్లను చూసి. తర్వాత ఆ అసూయ మా చెల్లి మీదికి మళ్లి చాలా ఏళ్లు అక్కడే ఉండిపోయింది. మొదలు మాత్రం ఆ పిల్లతోనే.

అప్పుడు మేం ఖరగ్‌పూర్‌లో ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఉండేవాళ్లం. అది రైల్వే కాలనీ, నాన్న రైల్వే కార్ఖానాలో ఫిట్టరు. రెండు గదుల క్వార్టరు, ముందు చిన్న వరండా, వెనక బొగ్గులు పోసుకునే మూల. పొద్దున కార్ఖానా కూత వినపడగానే మా సందులో మగవాళ్లంతా సైకిళ్లెక్కి ఒకేసారి కదిలేవాళ్లు. ఇంట్లో శ్రీకాకుళం మాట, వీధిలో బెంగాలీ, హిందీ. తెలుగు అక్షరాలు బళ్లోనో, గోడ మీది కేలండర్లోనో, అమ్మ దాచుకున్న వ్రతకథల పుస్తకంలోనో తప్ప కనిపించేవి కావు. అందుకని తెలుగులో ఏ కాగితం దొరికినా చదివేసేదాన్ని. ఊరి నుంచి బెల్లం చుట్టి పంపిన కాగితాన్ని కూడా వదిలేదాన్ని కాను.

ఒకరోజు రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో చిరిగిపోయిన పుస్తకాలు తీసి మూల పడేస్తుంటే, వాటిలోంచి ఒకటి నాన్న పట్టుకొచ్చాడు. దానికి అట్ట లేదు. మొదటి పేజీలు కూడా లేవు. దాని పేరేమిటో, ఎవరు రాశారో, ఎవరు తెలుగు చేశారో నాకు ఈనాటికీ తెలియదు.

"ఏటి పుస్తకం నాన్నా ఇది?"

"ఏటో జపానోళ్ల కథంట. బొమ్మలున్నాయి గదా అని తెచ్చినాను. సూసుకో."

కథ ఒక వాక్యం సగంలోంచి మొదలయ్యేది. జపాన్‌లో కొండల మధ్య ఒక పల్లె. అందులో నా ఈడు పిల్ల, వాళ్ల మామ్మ. చలికాలం వస్తే ఇంటి కిటికీల దాకా మంచు పేరుకుపోతుంది. గుమ్మం ముందు మంచు తవ్వి దారి చేసుకుంటేనే బడికి వెళ్లడం. కాళ్లకు గడ్డితో అల్లిన బూట్లు. చూరు కింద దండలు దండలుగా ఎండబెట్టిన పళ్లు. ఆ పల్లెకు ఒక చిన్న రైలు వస్తుంది. ఒక రోజు అది మంచులో కూరుకుపోతే ఊరంతా పారలు తీసుకుని వెళ్లి దాన్ని బయటికి తీస్తారు. అక్కడ తలుపులు కాగితంతో చేసినవని రాశారు. కాగితం తలుపులు! మా సందులో ఇనప తలుపులకే తాళాలు సరిపోయేవి కావు.

చదివిన ప్రతిసారీ నాకు కడుపులో మంటగా ఉండేది. ఆ పిల్లకు మంచు ఉంది. మామ్మ ఉంది, మా మామ్మ నేను పుట్టకముందే పోయింది. ఆ పిల్ల ఊరికి వచ్చే రైలు ఆమె కోసమే వచ్చినట్టు వస్తుంది. మా ఊళ్లో రాత్రింబవళ్లు రైళ్లే, ఒక్కటీ మా కోసం ఆగినట్టు ఉండేది కాదు. అన్నిటికంటే పెద్ద విషయం, ఆ పిల్లకు చెల్లెలు లేదు.

నాకు ఉంది. నాకంటే ఆరేళ్లు చిన్నది. నేను ఎక్కడ కూర్చుంటే అక్కడికి వచ్చి నా మోచేతి కింద దూరేది.

ఆ ఎండబెట్టిన పళ్లకు పుస్తకంలో ఏదో ఇంగ్లీషు పేరు రాశారు. అమ్మను అడిగాను. బొమ్మను కాసేపు చూసి, "మన తునికిపండు లాగుంది గావాల," అంది అమ్మ. ఊళ్లో చిన్నప్పుడు ఆ పళ్లు తిన్నదట. నాకు తునికిపండూ తెలియదు, కానీ ఆ రోజు నుంచి ఆ పేరు వింటే చాలు నోట్లో నీళ్లూరేవి.

ఇక ఆ పుస్తకంలో నా ప్రాణం తీసింది ఒక బల్ల. పొట్టి బల్ల. కింద నిప్పులు, పైన బొంత కప్పి ఉంటుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని కాళ్లు బొంత కిందికి చాపుకుంటారు. బయట మంచు కురుస్తుంటే లోపల మామ్మ కథలు చెబుతుంది. ఆ బొమ్మ ఉన్న పేజీ మూలలు నా చేతి చెమటకు నల్లబడిపోయాయి.

ఖరగ్‌పూర్‌లో చలి మరీ తక్కువేం కాదు. ఒక పుష్యమాసం మధ్యాహ్నం అమ్మ నీళ్ల పంపు దగ్గరికి వెళ్లినప్పుడు నేను ఆ బల్ల తయారు చేశాను. నాన్న తినడానికి కూర్చునే పీటను రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టాను. కింద కుంపటి తోశాను. పైన అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత కప్పాను. చెల్లిని పిలిచి, "కాళ్లు లోపలెట్టు. నువ్వు మామ్మవి," అన్నాను.

"మామ్మంటే ఏటి సెయ్యాల?"

"ఏటీ సెయ్యొద్దు. నేను సెప్పింది వినాల."

అది బుద్ధిగా కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆ కాసేపు నేను ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో లేను. తర్వాత కమురు వాసన వచ్చింది. బొంత అంచు ఎర్రగా రాజుకుంటోంది. చెల్లి కేకలు పెట్టింది. పక్కింటి బెంగాలీ పిన్ని పరిగెత్తుకొచ్చి బిందెడు నీళ్లు కుమ్మరించింది. అమ్మ వచ్చి ముందు చెల్లి కాళ్లు తడిమి చూసింది, దాన్ని ఎత్తుకుంది, ఆ తర్వాత నా వీపు మీద చెయ్యి ఆడించింది. దెబ్బలకు నాకంత బాధ లేదు. అమ్మ భుజం మీద తల పెట్టుకుని ఏడుపు ఆపేసి నన్ను చూస్తున్న చెల్లిని చూస్తే మాత్రం ఒళ్లు మండింది. బల్ల కనిపెట్టింది నేను, ముద్దులు దానికి.

ఆ వారమే అది నా పుస్తకంలో బొమ్మలకు రంగులు వేసింది. మంచు మొత్తం ఎర్ర పెన్సిలుతో దిద్దేసింది. ఆ రోజు నుంచి పుస్తకం నాన్న ట్రంకు పెట్టెలో, నా బట్టల కింద ఉండేది. చెల్లి అడిగినప్పుడల్లా, "నీకు సదవడం రాదు గదా," అనేదాన్ని. చదవడం వచ్చాక కూడా అదే మాట అన్నాను.

తర్వాత మాకు ఒక దెబ్బ తగిలింది. నాన్న సర్వీసులో ఉండగానే పోయాడు. గుండె. ఆయన బదులు ఇంట్లో ఒకరికి రైల్వేలో ఉద్యోగం ఇస్తారు. అప్పటికి నేను కాలేజీలో చేరి ఏడాది అయింది. స్టేషన్లో పార్సిల్ ఆఫీసులో గుమస్తాగా చేరాను. చెల్లి చదువు కోసం నేను నా చదువు వదులుకున్నానని మా వాళ్లు పెళ్లిళ్లలో చెప్పుకుంటారు. అది నిజం కాదు. నాకు ఉద్యోగం కావాలనిపించింది, చేరాను. నెల తిరిగేసరికి అమ్మ చేతిలో జీతం పెట్టడం నాకు బాగుండేది. రెండేళ్లకు పెళ్లయింది. మా ఆయన గార్డు, ఇంట్లో కంటే లైను మీదే ఎక్కువ ఉండేవాడు. నేను మళ్లీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోనే ఇంకో క్వార్టర్లోకి మారాను, పుట్టినింటికి రెండు సందుల అవతలకు.

జపాన్ నన్ను వదల్లేదు. పేపర్లో ఎక్కడ ఆ పేరు కనపడినా కత్తిరించి పెట్టుకునేదాన్ని. భూకంపం వార్త అయినా సరే, పువ్వుల పండుగ అయినా సరే. పెద్ద ఇంజనీరింగ్ కాలేజీ గేటు ముందు ప్రేమ్ బజార్ ఉంది కదా, చదువు అయిపోయి ఊరు వదిలే పిల్లలు అక్కడి పాత పుస్తకాల కొట్లో పుస్తకాలు అమ్మేసి పోతారు. మధ్య మధ్యలో సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి అక్కడ వెతికేదాన్ని. లెక్కల పుస్తకాల మధ్య ఒకసారి జపాన్ భాష నేర్చుకునే పుస్తకం కనపడింది. కొట్టువాడు నన్ను ఎగాదిగా చూసి, "దీదీ, కొడుకు కోసమా?" అన్నాడు. అవునన్నాను. అప్పటికి నాకింకా పిల్లలు లేరు.

ఆఫీసులో పని తక్కువగా ఉన్నప్పుడు తమలపాకుల బుట్టల మధ్య కూర్చుని, పార్సిళ్ల మీద గుర్తు వేసే నల్ల సిరాతో, పనికిరాని కాగితాల వెనక ఆ అక్షరాలు దిద్దేదాన్ని. చేపల బుట్టలు మోసే దాదా ఒకాయన, "ఏ దేశానికి బుకింగ్ దీదీ ఇది?" అని నవ్వేవాడు. నేర్పేవాళ్లు లేరు. నోటితో ఎలా పలకాలో తెలియదు. పుస్తకంలో ఉన్నట్టు నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఆ దేశానికి ఎప్పటికైనా వెళ్తాననుకోలేదు. అసలు వెళ్లాలన్న ఆలోచనే పెద్దగా లేదు. అది నాది, అంతే. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఇంకెవరికీ లేనిది నాకు ఒకటుంది.

చెల్లి డిప్లొమా చేసింది. మిషన్ డ్రాయింగులు గీసే పని నేర్చుకుంది. ఊరి చివర భూమి తవ్వే పెద్ద యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరింది. పెళ్లి వద్దంది, అమ్మ ఏడ్చింది, తర్వాత మానేసింది. నాన్న క్వార్టర్ ఎప్పుడో వదిలేశాం, అందుకని అమ్మా అదీ సుభాష్‌పల్లిలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లు. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి అమ్మ మొహం వెలిగిపోతోంది.

"సెల్లి జపాన్ ఎల్తన్నాది," అంది అమ్మ.

నేను చేతిలో సంచి కింద పెట్టలేదు. "ఎక్కడికి?"

"జపానే. ఆపీసోళ్లు పంపుతున్నారంట. ట్రైనింగంట. నీ పుస్తకంలో దేశం కాదేటే అది?"

చెల్లి వంటింట్లోంచి వచ్చింది. చేతికి శనగపిండి అంటుకుని ఉంది. నన్ను చూసి గుమ్మంలోనే నిలబడింది. "ఆరు నెల్లు అప్పా," అంది. మావైపు అక్కను అప్ప అంటారు. "నీకేటి తెమ్మంటావు?"

"నాకేటీ వద్దు," అన్నాను.

ఆ ఒక్క మాట చెప్పి సర్దుకున్నాననుకున్నాను. ఇంటికి వస్తుంటే దారిలో సైకిల్ దిగి నడిచాను. ఎందుకు దానికి? అది ఒక్క పేజీ చదవలేదు. మంచుకు ఎర్ర రంగు వేసింది. ఆ ఫ్యాక్టరీలో చేసేవి జపాన్ వాళ్ల నమూనా యంత్రాలు, అందుకని దాన్ని పంపుతున్నారు. వాళ్ల దగ్గర ఏ దేశపు యంత్రాలుంటే ఆ దేశానికి పంపేవాళ్లు కదా! జర్మనీ వాళ్లవి అయి ఉంటే జర్మనీ వెళ్లేది. అలా అయినా బాగుండేది.

అది వెళ్లింది. సందులో వాళ్లకు రోజూ దాని ఊసే. వారానికొకసారి ఫోన్ చేసేది. అమ్మ నాకు చెప్పేది, నేను విననట్టు వినేదాన్ని. తిరిగొచ్చాక అందరూ చుట్టూ చేరారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. చివరికి నేనే అడిగాను.

"ఎలగుంది?"

"సలి," అంది. "అన్నం ముద్దగా ఉంటది. రైళ్లు టైముకొస్తాయి. మరేటుంది, అంతా పనే గదా."

సలి, అన్నం ముద్ద, రైళ్లు. నేను ముప్పై ఏళ్లుగా మోసుకు తిరుగుతున్న దేశం దానికి అంతే. నాకు ఒక విసనకర్ర తెచ్చింది. మీద కొండ బొమ్మ. దాన్ని బీరువా మీద పెట్టేశాను, ఎప్పుడూ విసురుకోలేదు.

తర్వాత అది చాలాసార్లు వెళ్లింది. వాళ్ల భాష గడగడా మాట్లాడేది. మా పాత సందులో పిల్లలు దాన్ని 'జపాన్ దీదీ' అని పిలవడం మొదలుపెట్టారు. నేను పక్కన ఉన్నప్పుడు కూడా. ఆ పేరు ఎవరికి చెందాలో ఆ సందులో ఒక్కరికీ తెలియదు.

ఒక శీతాకాలం జపాన్ నుంచి ఒక పెద్ద ఇంజనీరు ఖరగ్‌పూర్ వచ్చాడు. అక్కడ చెల్లి పనిచేసిన చోట పెద్దాయన. ఆదివారం భోజనానికి తీసుకొస్తానంది. ఆ మాట విన్న రోజు నుంచి నేను ఆ జపాన్ భాష పుస్తకం తీసి మళ్లీ చదవడం మొదలుపెట్టాను. "దూరం నుంచి శ్రమపడి వచ్చినందుకు మీకు మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞతలు." దీన్ని వాళ్ల భాషలో కంఠతా పట్టాను. అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ చెప్పుకున్నాను. పట్టుచీర కట్టుకుని, చెల్లి ఆయన్ను తీసుకొచ్చేలోపే సుభాష్‌పల్లి చేరాను.

ఆయన పొట్టిగా, నెరిసిన జుట్టుతో ఉన్నాడు. గుమ్మం బయటే బూట్లు విప్పి, వాటిని తిప్పి, ముక్కులు బయటికి ఉండేలా సర్దిపెట్టాడు. పుస్తకంలో ఆ పిల్ల అచ్చం అలాగే పెట్టేది! ముందుకెళ్లి వంగి నా వాక్యం చెప్పాను.

ఆయన కూడా వంగాడు. తర్వాత తల కొంచెం పక్కకు వంచి చెల్లి వైపు చూశాడు. అర్థం కాలేదని నాకు తెలిసిపోయింది. చెల్లి ఏదో రెండు ముక్కలు అంది, సులువుగా, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు. ఆయన మొహం విప్పారింది. గట్టిగా నవ్వి, నాకేసి మళ్లీ మళ్లీ వంగుతూ ఏదో చెప్పాడు.

"ఏటన్నాడు?"

"నీ మాట పాత బడి పుస్తకంలాగున్నాదంట. ఆలకి చిన్నప్పుడు పాటం సెప్పిన మేష్టారు గుర్తొచ్చినాడంట. మంచిగే అన్నాడప్పా."

మంచిగే అని ఉంటాడు. కానీ ఏళ్ల తరబడి తమలపాకుల బుట్టల మధ్య దిద్దుకున్న భాష ఆయన్ను నవ్వించింది. ఫ్యాక్టరీలో నట్లూ బోల్టుల మధ్య చెవిన పడ్డ భాషతో చెల్లి ఆయనకు మనిషిగా కనపడింది.

అమ్మకు ఇవేవీ పట్టవు. తెలుగు రానివాళ్లంటే అమ్మ లెక్కలో బెంగాలీవాళ్లే. ఆయన విస్తట్లో పప్పు వడ్డిస్తూ, "ఆర్ ఎక్టు నావ్ బాబా," ఇంకొంచెం వేసుకో నాయనా, అంది. ఆయన చేత్తోనే కలుపుకుని తిన్నాడు. వంకాయ కూర మళ్లీ అడిగి వేయించుకున్నాడు. అమ్మా ఆయనా ఒకరి భాష ఒకరికి తెలియకుండా భోజనం అయ్యేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

భోజనాలయ్యాక నేను చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగించాను. మీ ఊళ్లో మంచు ఎంత పడుతుంది? ఆయనది దక్షిణాన సముద్రం ఒడ్డు ఊరట. మంచు ఎప్పుడో పడితే పిల్లలు బడి మానేసి చూడ్డానికి పరిగెత్తేవాళ్లట. గడ్డి బూట్లు? చేతులు తిప్పాడు. వాళ్ల తాతల కాలం నాటివని, తాను మ్యూజియంలో చూశానని. బొంత కప్పిన బల్ల? అది ఉందట, దాన్ని కొతాత్సు అంటారట, ఇప్పుడు అందరిళ్లల్లో కరెంటుదేనట. ఆయన నా ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెబుతూ, మధ్యలో చెల్లితో ఇంకేదో అన్నాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. అదేమిటో నాకు చెప్పలేదు. ఆఫీసు సంగతి అయి ఉంటుంది.

ఆయన వెళ్లాక నేనూ చెల్లీ పెరట్లో అంట్ల దగ్గర కూర్చున్నాం. ఎండ ఇంకా ఉంది. నేను గిన్నెలు చప్పుడు చేస్తూ తోముతున్నాను.

"కోపమొచ్చినాదేటి అప్పా?"

"నాకెందుకు కోపం?"

"మరెందుకలగ గిన్నిలు బాదుతున్నావు?"

ఇక ఆగలేకపోయాను. "నీకు ఆ దేశమంటే ఏటి తెలుసే?" అన్నాను. "ఇన్నిసార్లు ఎల్లినావు. ఒక్కసారైనా ఒక్క మంచి మాట సెప్పినావా? సలి, అన్నం, రైళ్లు! నేనైతే..." నేనైతే ఏం చేసేదాన్నో నోటికి రాలేదు.

చెల్లి చేతిలో పీచు కింద పడేసింది. "నాకేటి తెలుసు? ఏటీ తెల్దు. నువ్వు సెప్పినావా ఎప్పుడైనా? ఆ పుస్తకం నన్ను ముట్టుకోనిచ్చినావా? పిల్లలంతా బయట ఆడుకుంటంటే నువ్వు దాంట్లో దూరిపోయేదానివి. పిలిస్తే పలికేదానివి కాదు. నేను గుమ్మంలో కూసుని నీ మొహం సూసేదాన్ని. ఏటున్నాదో అందులో అని."

నేను తోముతున్న గిన్నెను నీళ్లలో ముంచాను.

"మొదటిసారి ఆపీసులో ఎవరెళ్తారని అడిగినారు. అందరూ నసుగుతున్నారు, అంత దూరం, తిండి పడదని. మా అప్ప దేశం అని చెయ్యెత్తినాను నేను." ముక్కు ఎగబీల్చుకుంది. "అక్కడికెళ్లిన వారానికి ఒక కొట్లో ఆ బల్ల సూసినాను. బొంత కప్పి పెట్టినారు, అమ్మకానికి. బూట్లిప్పేసి దాని కింద కాళ్లెట్టుకుని కూసున్నాను. కొట్టోడు ఏటో అడుగుతున్నాడు. నాకు ఏడుపాగలేదు."

"మరి నాకు సెప్పలేదేటి?"

"ఎలగ సెప్పను? ఎల్తన్నానంటేనే నీ మొహం అలగయిపోయినాది. బల్ల కింద కూసున్నానంటే సచ్చిపోదువు."

అది చెప్పింది నిజమే. ఆ మాట విన్నాక నా మనసు కరిగి ఉండాలి. కథల్లో అయితే అక్కాచెల్లెళ్లు కావలించుకుంటారు. నాకు మాత్రం ముందు వచ్చిన ఆలోచన వేరు. అయితే ఆ బల్ల కింద అది కూర్చుంది, నేను కూర్చోలేదు. అంతే అనిపించింది. గిన్నెలు కడిగి, తుడిచి, బోర్లించి ఇంటికి వచ్చేశాను. దారి పొడవునా మాత్రం గుమ్మంలో కూర్చుని నా మొహం చూస్తున్న ఆ చిన్న పిల్ల కళ్ల ముందు తిరిగింది. నేను పుస్తకం పిల్లను చూసి కుళ్లుకుంటున్నప్పుడు, నా వెనక ఒకతె నన్ను చూసి కుళ్లుకుంటోందని నాకు ఎప్పుడూ తట్టలేదు.

తర్వాత వారం చెల్లి మా ఇంటికి వచ్చింది. ట్రంకు పెట్టెలోంచి పుస్తకం తీసి చేతికిచ్చాను. వరండాలో కూర్చుని ఒక్క బిగిన చదివేసింది. మూసి, "బాగుంది," అంది. పుస్తకం నా చేతికి తిరిగిస్తూ, "పిల్ల కొంచెం పొగరుది కదా?" అంది. నాకు మళ్లీ ఒళ్లు మండింది. కానీ ఆలోచిస్తే నిజమే, ఆ పిల్లకు కొంచెం పొగరే.

నేను రిటైరయ్యాను. అమ్మ పోయి అప్పటికి ఏడాది. చెల్లి ఈసారి ఏం తెమ్మంటావని అడగలేదు, నన్నే జపాన్ తీసుకెళ్తానని పాస్‌పోర్టు పనులు తనే మొదలుపెట్టింది. ఆ పెద్ద ఇంజనీరుకు పుస్తకంలో విషయాలన్నీ రాసి పంపిందట. ఎండబెట్టిన పళ్లు, గడ్డి బూట్లు, మంచులో చిక్కుకునే చిన్న రైలు. ఇవన్నీ కలిసే చోటు ఫలానా కొండల వైపు అయి ఉంటుందని ఆయన చెప్పాడు. అదే పల్లె అని ఎవరూ అనలేరు. మా ఆయన, "ఆ సల్లో నాకేటి పని, మీ ఇద్దరూ ఎల్లండి," అన్నాడు.

అక్కడ దిగినప్పటి నుంచీ నాకు మళ్లీ అదే మంట. చెల్లి ముందు నడిచేది, నేను వెనక. టికెట్ల మిషన్ మీద దాని వేళ్లు చకచకా పోయేవి. కొట్లో వాళ్లు దానితో మాట్లాడేవాళ్లు, నన్ను చూసి చిరునవ్వు నవ్వేవాళ్లు, చంటిపిల్లను చూసి నవ్వినట్టు. ఏ దారి ఎటు పోతుందో, ఏ గిన్నెలో ఏం పోసుకోవాలో అన్నీ అదే చెప్పేది. నా దేశంలో నేను చెల్లి చెయ్యి పట్టుకుని నడవాల్సి వచ్చింది.

ఆ కొండల వైపు వెళ్లే రైలు నిజంగానే చిన్నది, ఒకే పెట్టె. కిటికీకి మొహం ఆనించి కూర్చున్నాను. బయట మంచు మొదలైంది. తెల్లగా ఉంటుందని తెలుసు. అంత నిశ్శబ్దంగా ఉంటుందని మాత్రం పుస్తకంలో ఎక్కడా రాయలేదు.

దిగిన ఊళ్లో గడ్డి బూట్లు లేవు. కాగితం తలుపుల ముందు గాజు తలుపులున్నాయి. రోడ్డు మీద మంచును యంత్రంతో తోసేశారు. "ఇది మావోళ్లది కాదు," అని చెల్లి ఆ యంత్రాన్ని పరీక్షగా చూసింది. బస చేయాల్సిన ఇల్లు వెతుక్కుంటూ ఒక సందులోకి తిరిగాం. అక్కడ ఒక ముసలావిడ, ఎనభై దాటి ఉంటాయి, గుమ్మం ముందు పారతో మంచు తోస్తోంది. చెల్లి దగ్గరికెళ్లి వాళ్ల భాషలో దారి అడిగింది.

ఆవిడ పార నిలబెట్టి దాని మీద చేతులు ఆనించి, తీరిగ్గా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. గుండ్రంగా, ముక్కుతో, సాగదీస్తూ. చెల్లి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. మళ్లీ అడిగింది. ఆవిడ ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం పొడుగ్గా చెప్పింది. చెల్లికి ఒక్క ముక్క అర్థం కావడం లేదని నాకు అప్పుడు తెలిసింది. ఫ్యాక్టరీలో అందరూ మాట్లాడేది పట్నం మాట, ఈవిడది ఊరి మాట. హైదరాబాద్ నుంచి ఎవరైనా వచ్చి మా అమ్మ మాట వింటే అలాగే నిలబడిపోయేవాళ్లు.

చెల్లి నా వైపు తిరిగింది. ఇన్నేళ్లలో అది నన్ను అలా చూడలేదు.

"ఏటంటందప్పా?"

నాకూ ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్ద పండితురాలిలా ఆవిడ కేసి ఒకసారి చూసి, చెల్లి కేసి చూసి, "లోపలికి రమ్మంటంది," అన్నాను.

చెల్లి నమ్మింది. గుమ్మం దగ్గరికెళ్లి బూట్లు విప్పడం మొదలుపెట్టింది. ముసలావిడ ఒక్క క్షణం తెల్లబోయి మమ్మల్ని చూసింది. తర్వాత పార గోడకు చేరేసి, నవ్వుతూ లోపలున్న ఎవరినో కేకేసింది, తలుపు పక్కకు జరిపింది. లోపల వేడిగా ఉంది, ఏదో ఉడుకుతున్న వాసన వస్తోంది. ఆవిడ అసలు ఏమందో, మమ్మల్ని ఏ దారిన వెళ్లమందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను ముందు అడుగు పెట్టాను. చెల్లి నా వెనక వచ్చింది.